మధ్యలో గుండ్రంగా కోసిన పరుపు

మా అమ్మ పరుపులు కుట్టేది. వీధంతా ఆమెను పరుపులమ్మ అనే పిలిచేవారు. స్పాంజి పేరెత్తితే ఒళ్లుమంట. "అదీ ఒక పరుపేనా? పడుకుంటే ఎవరో ఎత్తి కుదేసినట్టుంటుంది" అనేది. ఏకిన దూది తప్ప మరొకటి ముట్టని ఆ మనిషి జీవితంలో ఒక్కసారి స్పాంజి కోసింది.

నా భార్యకు ఏడో నెలలో కరోనా సోకింది. మొదట దగ్గు, తర్వాత మాట పూర్తయ్యేలోపే ఆయాసం. ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టినా చాలలేదు. బోర్లా పడుకుంటే ఊపిరి బాగా ఆడుతుందని డాక్టరమ్మ చెప్పింది. కానీ కడుపు అడ్డం. కిందా మీదా దిండ్లు పెడితే అవి జారిపోతున్నాయి. ఊపిరి ఇలాగే తగ్గితే గొంతులోకి గొట్టం వేయాలి, నెలలు నిండని బిడ్డను బయటికి తీయాలి అన్నారు.

అమ్మ నా చేతిలోంచి ఫోన్ లాక్కుని నర్సుతో మాట్లాడింది.

"మధ్యలో కన్నం పెట్టి పరుపు కుట్టి ఇస్తానమ్మా."

"దూది వద్దమ్మా, మేం తుడుచుకోవాలి. స్పాంజి మీద రెక్సిన్ తొడిగితే డాక్టర్‌గారిని అడుగుతాను."

అమ్మ "సరే, స్పాంజే కానివ్వండి" అంది.

వీధి చివర స్పాంజి దుకాణాయనతో ఆమెకు ఏళ్ల తరబడి వైరం. వెళ్లి ఆయన షట్టర్ బాదింది.

"ఏంటక్కా, ఇన్నాళ్లకు దారికొచ్చావా?"

"గట్టిది ఒకటి, మెత్తటిది ఒకటి తియ్యి. ఎగతాళి కోడలు ఇంటికొచ్చాక చేద్దువుగాని."

ఆయన తనే మోసుకొచ్చి ఇంట్లో పెట్టాడు.

కన్నం కోశాక, అమ్మ నీళ్ల సంచిని పొట్టకు కట్టుకుని తనే ఆ స్పాంజి మీద బోర్లా పడుకుంది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"గుడ్లప్పగించి చూస్తావేంట్రా? చెయ్యి పెట్టి చూడు, నొక్కుకుంటోందా?"

"లేదమ్మా. వేలాడుతోంది."

"అదే, నడుము పీకేస్తోంది. ఇది పనికిరాదు."

కన్నం అడుగున మెత్తటి ముక్కను పల్చగా చెక్కి అమర్చింది. మళ్లీ పడుకుంది. మళ్లీ లేచి చెక్కింది. కడుపు ఆనాలి, నలగకూడదు. అది కుదిరేదాకా ఆమె అన్నం ముట్టలేదు.

డాక్టరమ్మ చూసి సరేనంది. సాయంత్రం నా భార్య ఫోన్ చేసింది. "అత్తయ్యా... మీరు... స్పాంజి కుట్టారా?"

"వాగకు. ముందు ఊపిరి పీల్చు."

పీల్చింది. మందులూ ఆక్సిజనూ పరుపూ కలిసి గొట్టం అవసరం లేకుండా గట్టెక్కించాయి. అయినా బిడ్డ నెలలు నిండకుండానే పుట్టింది. గాజుపెట్టెలో గుప్పెడంత పిల్లను ఫొటోలో చూసి అమ్మ "దూదిపింజ" అంది. పరీక్షలో తనకు కరోనా లేదని తేలేదాకా, తల్లి కూడా ఆ పిల్లను ఫొటోలోనే చూసుకుంది.

ఇంటికొచ్చాక కూడా నా భార్యకు ఆయాసం తగ్గలేదు. మాది పై అంతస్తు. మెట్ల మలుపులో అమ్మ ఒక చిన్న మెత్త వేసి పెట్టింది, దూదిదే. రోజూ అక్కడ కూర్చోబెట్టి, "ఇవాళ ఇక్కడిదాకా. రేపు ఇంకో మెట్టు" అనేది.

మొన్న అమ్మను కాటికి సాగనంపి వచ్చాం. మెట్ల మలుపులో మెత్త అలాగే ఉంది. నా భార్య దూదిపింజను చంకనెత్తుకుంది. నేను చెయ్యి చాస్తే తోసేసింది. మలుపులో ఆగలేదు. పైదాకా ఎక్కి, రొప్పుతూ వెనక్కి తిరిగింది.

"చూశారా అత్తయ్యా" అంది.