అక్క పాటకు కొన్న మైకు

నేను చెప్పేదాంట్లో సగమైనా నిజం ఉంటుందని మా ఆఫీసులో ఒక నమ్మకం. అది వాళ్ల మంచితనం. తుంగభద్రలో నేను పట్టిన చేప ఆటోలో పట్టక తోక బయట పెట్టుకుని వచ్చిందంటే, ఏ ఆటో అని అడిగారే తప్ప ఏ చేప అని అడగలేదు. అలాంటివాళ్ల మధ్య బతికినవాడికి ఉన్నదున్నట్టు చెప్పడం కష్టం. ఈ మైకు సంగతి మాత్రం అట్లాగే రాయాలని కూర్చున్నాను.

మా అక్క నాకంటే పన్నెండేళ్లు పెద్దది. కడప దగ్గర పల్లెలో కాపురం. నిరుడు ఎండాకాలం మొదట్లో గొంతులో గడ్డ కనబడితే కర్నూలులో పెద్ద డాక్టరుకు చూపించాం. ఆపరేషన్ చేయాలన్నాడు, ఇరవై అయిదు రోజులకు తేదీ ఇచ్చాడు. మా బావ భయంభయంగా అడిగితే, "మాటకేం భయం లేదండీ. పాడే అలవాటుంటే మాత్రం, ముందులాగా పాడగలదని నేను మాటివ్వలేను" అన్నాడు. బావ ఊపిరి పీల్చుకున్నాడు. అక్క నా వైపు చూసింది.

మా అమ్మ నుంచి అక్కకు ఒక పాట వచ్చింది. కొత్త కోడలు అత్తగారింటికి నడిచిపోతూ, దారిలో తగిలిన ప్రతి బావి దగ్గరా ఆగి, ఆ బావికి ఒక కష్టం చెప్పుకునే పాట. ఎన్ని బావులో నేనెప్పుడూ లెక్కపెట్టలేదు. ఎండాకాలంలో విత్తనానికి వేరుశనగ కాయలు ఒలిచేటప్పుడే దాన్ని పాడతారు. మిషన్లో వేస్తే లోపలి పప్పు చీలిపోయి మొలకెత్తదని, విత్తనానికి మాత్రం మా వైపు ఇంకా చేత్తోనే ఒలుస్తారు. వసారాలో కాయల కుప్ప పోసుకుని చుట్టూ పదిమంది ఆడవాళ్లు కూర్చుంటే, అక్క చరణం ఎత్తుకుంటుంది, మిగతావాళ్లు వంత పాడతారు. చరణాలు తెలిసింది అక్క ఒక్కదానికే. ఆపరేషన్ లోపే ఆ పాటను రికార్డు చేస్తానని ఆసుపత్రి మెట్ల మీదే మాటిచ్చాను.

కర్నూలులో మైకులు అమ్మే అంగడికి పోయాను. అంగడాయన గడ్డం గోక్కుంటూ నన్ను ఎగాదిగా చూశాడు.

"పాడేది నువ్వేనా అప్పా?"

"నేను పాడితే వానలు పడతాయని గవర్నమెంటు వాళ్లు ఆపించినారు. మా అక్క పాడతాది."

"ఇంట్లోనేనా? అయితే ఇది తీస్కోపో." చేత్తో పట్టుకునే మామూలు మైకు ఒకటి ముందు పెట్టాడు. "డైనమిక్ అంటారు దీన్ని. నోటి దగ్గర పెట్టుకుంటే నోటి మాటే ఇంటాది. ఫ్యాను తిరిగినా, కుక్కరు కూసినా దీనికి పట్టదు."

"మరి ఆ పక్కది?"

"అది కండెన్సరు. శానా సున్నితం. స్టూడియోల్లో అయితే మేలు. ఇండ్లల్లో పెడితే ఇంటి గుట్టంతా రికార్డు చేస్తాదప్పా, వద్దు."

రెండూ నా చేతికందే ధరలోనే ఉన్నాయి. ఆ పూటే మొదటిది తెచ్చుకుని ఉంటే ఇది రాసే పని ఉండేది కాదు. కానీ అప్పటికే ఆఫీసులో, నేను కొనబోయే మైకు చీమ తుమ్మినా పడుతుందని, ఆ తుమ్ము ఆడ చీమదో మగ చీమదో కూడా చెబుతుందని చెప్పేశాను. చేత్తో పట్టుకునే మైకు తీసుకుపోతే, భజనకు తెచ్చినావా అంటారు. ఆలోచించుకుని వస్తానని ఇంటికొచ్చి, ఫోనులో ఒక్కొక్క మైకు గురించి ఒక్కొక్కడు చెప్పేది వింటూ రెండు వారాలు గడిపాను. మొదటి వీడియోకే తెలిసిపోయిన సంగతిని నలభై వీడియోల్లో కాదనిపించుకుందామని చూశాను. చివరికి కండెన్సరే కొన్నాను. తెచ్చి కంప్యూటరుకు తగిలిస్తే చప్పుడు లేదు. దానికి కరెంటు అందించే డబ్బా విడిగా ఉంటుందట. అది వచ్చేసరికి ఇంకో అయిదు రోజులు. ఇక ఆపరేషన్ ముందు మిగిలింది ఒక్క ఆదివారం.

నేను అక్క ఊరికి పోయేసరికి వసారాలో కాయలు ఒలుస్తున్నారు. స్టాండు మీద నిలబెట్టిన మైకును చూసి పక్కింటి పెద్దమ్మ అడిగింది.

"ఏమప్పా, మా మాటలు గూడా ఎక్కుతాయా దాంట్లో?"

"మాటలేంది పెద్దమ్మా, నువ్వు మనసులో కోడల్ని తిట్టుకున్నా ఎక్కుతాది."

అందరూ నవ్వారు. నవ్వి, ఆ తరువాత ఎవరూ నోరు తెరవలేదు. ఆ మౌనం చూసి మైకుకు భలే మర్యాద దొరికిందని సంతోషించాను.

హెడ్‌ఫోన్లు చెవులకు తగిలించుకుని వింటే కాయలు చిట్లే చప్పుడు టపాకాయల్లా వినపడింది. ఇట్లా పనికిరాదని అక్కను లోపలి గదిలోకి తీసుకుపోయాను. కిటికీలకు బొంతలు కట్టాను. తలుపు సందులో చీర కుక్కాను. ఫ్యాను ఆపాను. కడప ఎండలో ఫ్యాను ఆపమన్నవాడిని నా కంటే ముందు ఎవరినీ చూడలేదని బావ బయటి నుంచి అరిచాడు. ఒళ్లో ఒక గుప్పెడు కాయలు తెచ్చుకుంది అక్క. అవి కూడా తీసుకున్నాను.

"ఒట్టి చేతుల్తో యెట్లా రా అబ్బీ? కాయ ఒలస్తాంటేనే గదా పాట కదిలేది."

"చప్పుడొస్తాదక్కా. ఒక్కసారికి ఓర్చుకో."

రెండు చేతులూ ఏం చేయాలో తెలియక మోకాళ్ల మీద పెట్టుకుని, మైకును పోలీసును చూసినట్టు చూస్తూ మొదలుపెట్టింది. మొదటి బావి దాటింది. రెండో బావి దగ్గర మాట మరిచిపోయింది. మళ్లీ మొదటికొచ్చింది. ఈసారి రాగం పైకెత్తుకుని అందుకోలేక దగ్గింది. చెమటకు రవిక తడిసిపోయింది. నాలుగోసారి కూడా రెండో బావి దాటలేదు.

"అయిందా?" అంది.

"శానా బాగా వచ్చిందక్కా" అన్నాను. మిగిలింది ఏదో ఒకటి అతికించుకోవచ్చులే అనుకున్నాను.

సామానంతా సర్దుకుని సంచి భుజాన వేసుకుని బయటికొచ్చాను. అక్క అప్పటికే కుప్ప దగ్గర కూర్చుంది. రెండు గుప్పెళ్లు ఒలిచిందో లేదో, పాట లేచింది. ఎవరినీ అడగకుండా, దేనికీ తడుముకోకుండా. రెండో బావి, మూడో బావి, ఏడో బావి. కాయలు చిట్లే చప్పుడే దానికి తాళం. వంత పాడేవాళ్లు నవ్వుకుంటూ అందుకుంటున్నారు. ఇంత సులభమైనదాన్ని నేను గదిలో పెట్టి ఉక్కిరిబిక్కిరి చేశానా అనిపించింది.

నా జేబులో ఫోను ఉంది. తీసి గట్టు మీద పెడితే చాలు. కానీ ఇంత మైకు కొని, ఇన్ని కబుర్లు చెప్పి, చివరికి ఫోనులో పట్టుకొచ్చానంటే మా ఆఫీసువాళ్లు ఏమంటారో అని ఆలోచించాను. నిజంగా అదే ఆలోచించాను. బస్సుకు టైమైందని బావ పిలిచాడు. పోయాను.

బుధవారం ఆపరేషన్ అయింది. గడ్డ మంచిదే, భయపడాల్సింది కాదన్నారు. నెలన్నర తరువాత చూడటానికి పోతే అక్క మాట గాలి నిండిన గుసగుసలా ఉంది. రోజులు పోతే మాట గట్టిపడుతుందన్నారు, గట్టిపడింది కూడా. పాట మాత్రం తిరిగి రాలేదు. ఆ రోజు నా చేతిలో సంచి చూడగానే అడిగింది.

"ఆ పాట పెట్టు రా. మనవరాలికి ఇనిపిద్దాం."

చెప్పడానికి నా దగ్గర చాలా ఉన్నాయి. కంప్యూటరు కాలిపోయిందనొచ్చు. వరదలో కొట్టుకుపోయిందని చెబితే, ఎండాకాలంలో వరదేంది అని అడిగినా ఏదో సర్దగలను. మంచం కోడు పట్టుకుని కూర్చున్నాను.

"లేదక్కా. ఆ పొద్దు పాట రాలేదు. ఎక్కిందంతా నీ దగ్గు చప్పుడే."

"శానా బాగా వచ్చిందంటివే?"

"అబద్ధం చెప్పినా."

అక్క గొంతు మీది కుట్ల గుర్తును వేలితో తడుముకుంది.

"ఇన్ని చెప్తావు గదా రా," అంది. "నా కాడ ఇది ఒక్కటన్నా నిజం చేసింటే బాగుండు."

తరువాత తనే మనవరాలి నోటుబుక్కు తెప్పించి రాసుకోమంది. గుసగుసగా ఒక్కొక్క చరణం చెప్పింది. పదకొండు బావులు. మాటలన్నీ రాసుకున్నాను. రాగం ఎట్లా పోతుందో చెప్పడానికి గొంతు చాలక, మంచం పట్టె మీద వేళ్లతో కొట్టి, చెయ్యి పైకి కిందికి ఊపి చూపించింది.

"తెలిసిందా?"

"తెలియలేదక్కా" అన్నాను.

మళ్లీ మొదటి బావి నుంచి చెయ్యి ఊపడం మొదలుపెట్టింది.