అక్క చెప్పని తేదీ

నిన్న ఉదయం పదకొండూ పదికి మా వీధిలోకి మైకు కట్టిన ఆటో ఒకటి వచ్చింది. ఆదోనిలో ఇదేం వింత కాదు, దుప్పట్ల సేలుకూ, ఎన్నికలకూ, తప్పిపోయిన ఎనుముకూ ఇవే ఆటోలు తిరుగుతుంటాయి. నేను వరండాలో కూర్చుని జొన్నల్లో మట్టిగడ్డలు ఏరుతున్నాను. ఎమ్మిగనూరులో మూడు రోజులు సువార్త కూటాలు జరుగుతాయనీ, దేవుడు రక్షణకు పేరు పెట్టి పిలుస్తున్నాడనీ, ఆలస్యం చేయకుండా రమ్మనీ ముందే రికార్డు చేసిన ఒక మగ గొంతు చెప్పింది. మలుపు దాకా పోయి మళ్లీ అదే చెప్పింది. గొంతు బాగుంది, వయసు చిన్నది. నిన్ను ఏ రోజున పిలిచాడని ఆ అబ్బాయిని ఎవరూ అడిగి ఉండరని అనుకున్నాను. మా అక్క పోయి నిన్నటికి నలభై మూడు రోజులు.

మా ఊరు ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే దారిలో బస్సు దిగి రెండు మైళ్లు నడిస్తే వచ్చేది. నాకు ఊహ తెలియక ముందే నాయన పోయాడు. అమ్మ, అక్క, నేను, ముగ్గురమూ కూలికి పోయేవాళ్లమే, నేను మాత్రం బడి లేని రోజుల్లో. అక్క నాకంటే అయిదేళ్లు పెద్దది. మాకు మగదిక్కంటే మేనమామ, అమ్మకు అన్న, మా సంఘానికి పెద్ద. పాస్టరయ్య నెలకు రెండు ఆదివారాలు మాత్రమే సైకిలు మీద వచ్చేవాడు గనుక మిగతా రోజుల్లో ఆ రాతి గోడల గుడికి మామే సర్వమూ, ప్రార్థన ఆయనే చేసేవాడు, గంట ఆయనే కొట్టేవాడు, ఎవరిని నీళ్లలోకి దించాలో, ఎవరిని ఆపాలో ఆయనే చెప్పేవాడు.

మామ చెడ్డవాడు కాడు. ఇది ముందే రాయకపోతే తర్వాత రాయబోయేదంతా అబద్ధం అవుతుంది. పెళ్లికి ముందు ఆయన ఆదోనిలో ప్రెస్సింగు మిల్లులో పత్తి బేళ్లు మోసేవాడు, వచ్చిన కూలి సారాయికి పోయేది. ఒక మంగళవారం మధ్యాహ్నం పేర్చిన బేళ్లు జారి ఆయన పక్కనే పడ్డాయి, ఆ చప్పుడులో తన పేరు వినిపించిందట. ఆ రోజు నుంచి చచ్చేదాకా ఆయన సారాయి ముట్టలేదు. ఆ మంగళవారాన్ని ఆయన తన పుట్టిన రోజు కంటే బాగా గుర్తు పెట్టుకున్నాడు, మాకందరికీ చెప్పి చెప్పి కంఠతా వచ్చేట్టు చేశాడు. మనిషి తనంతట తాను దేవుని దగ్గరికి పోలేడు, దేవుడే ముందు పిలవాలి, ఆ పిలుపుతోనే రక్షణ మొదలవుతుంది అని ఆయన నమ్మాడు. అందులో తప్పు లేదు, ఎన్నో పుస్తకాలు చదివిన తర్వాత నేనూ అదే నమ్ముతున్నాను. కానీ పిలిచిన మాట నిజమైతే పిలిచిన రోజు తెలిసి ఉండాలి గదా అని ఆయన ఇంకొక అడుగు వేశాడు. తనకు జరిగినట్టే అందరికీ జరగాలని కోరుకున్నాడు. నాకు తెలిసి ఆయన చేసిన తప్పు అదొక్కటే.

మా సంఘంలో బాప్తిస్మం ఏడాదికి ఒక్కసారే. తుంగభద్ర కాలువకు నీళ్లు వదిలిన తర్వాత, పత్తి తీత మొదలయ్యే లోపల, ఒక ఆదివారం. దానికి వారం ముందు, బాప్తిస్మం కోరినవాళ్లు గుడిలో అందరి ముందూ నిలబడి పిలుపు సాక్ష్యం చెప్పాలి. ఏ రోజు పిలుపు వచ్చింది, ఎక్కడ ఉన్నారు, ఏం పని చేస్తున్నారు, ఈ మూడూ చెప్పాలి. చెప్పలేనివాళ్లు మళ్లీ కాలువకు నీళ్లు వచ్చేదాకా ఆగాలి, ఆగినన్నాళ్లూ వాళ్లకు ప్రభువు బల్లలో రొట్టె లేదు, చస్తే సంఘం శ్మశానంలో చోటు లేదు. నా ఈడువాళ్లకు ఆ సాక్ష్యాలు గుర్తుండే ఉంటాయి. చిన్నప్పటి నుంచి వింటూ ఉండటం వల్ల వాటి పోకడ నాకు తెలిసిపోయింది. మొదట ఏదో పాపం, తర్వాత రోగమో పిడుగో పామో, ఆ భయంలో ఒక గొంతు, చివర ఏడుపు. ఒకరు ఏడిస్తే పక్కవాళ్లూ ఏడ్చేవాళ్లు.

నా పద్నాలుగో ఏట అక్కా నేనూ ఒకే ఆదివారం నిలబడ్డాం. ముందు నన్ను పిలిచారు. పోయిన క్రిస్మస్‌కు ముందటి శనివారం అమ్మా అక్కా పనికి పోయారని, నేను జ్వరంతో ఇంట్లో ఒంటరిగా పడుకున్నానని, పక్కింటి అవ్వ దాచుకున్న బెల్లం దొంగతనంగా తిన్న సంగతి గుర్తొచ్చి భయపడ్డానని, అప్పుడు వాకిట్లో నుంచి ఎవరో నా పేరు మూడుసార్లు పిలిచారని, లేచి చూస్తే ఎవరూ లేరని చెప్పాను. ఆ బెల్లం ఒక్కటే నిజం. మూడుసార్లు అని ఎందుకు అన్నానో తెలియదు, రెండుసార్లంటే చాలదనిపించింది. చెప్తూ చెప్తూ ఉండగా నాకే ఏడుపొచ్చింది. ఆడవాళ్లు కొంగులు కళ్లకు అద్దుకున్నారు, మామ నా తల మీద చెయ్యి పెట్టి చాలాసేపు తియ్యలేదు.

ఆ శనివారం అక్కా నేనూ పక్కపక్క సాళ్లలో పొద్దుగూకేదాకా పత్తి తీశాం. పండక్కి రవిక గుడ్డ కొనుక్కోవాలని నేను ఆ రోజు ఎవరికంటే ఎక్కువ తీశాను, అక్క తన ఒడిలో పత్తి కూడా కొంత నా మూటలో వేసింది.

తర్వాత అక్కను అడిగారు. ఆమె చేతులు కట్టుకుని నిలబడింది. ఏ రోజని మామ అడిగితే తెలియదంది. రోజు కాకపోతే నెల చెప్పమన్నాడు, అదీ తెలియదంది. మరి నీళ్లలోకి ఎందుకు దిగుతానంటున్నావని అడిగాడు.

"అన్నం తినే పొద్దుకు బయట ఉండేవాళ్లను గదా మామా ఎవురన్నా పిలిసేది. నేను యాడికీ పోలేదు, పుట్టినప్పట్నుంచి ఇంట్లోనే ఉండా. ఇంట్లో ఉండేదాన్ని యా పొద్దు పిలిసినారని సెప్పేది?"

గుడిలో ఎవరో నవ్వారు. నవ్వకుండా ఉంటే మామ అంత కఠినంగా మాట్లాడేవాడు కాదేమో. ఆయనకు ఆ మాటలో గర్వం వినిపించింది, నాకు పాపం లేదు, నాకు పిలుపు అక్కర్లేదు అన్నట్టు వినిపించింది. అక్క అన్నది అది కాదు. తనకు పిలుపు రాలేదని ఆమె అనలేదు, అది ఎప్పుడు మొదలైందో తెలియనంత ముందు నుంచీ వింటూనే ఉన్నానంది. ఇది నాకు అర్థం కావడానికి ఇరవై ఏళ్లూ, కొన్ని బరువైన పుస్తకాలూ పట్టాయి. ఏడో తరగతి కూడా దాటని మనిషి ఒక్క ముక్కలో చెప్పినదాన్ని ఆ రోజు అర్థం చేసుకోగలవాళ్లు ఆ గుడిలో లేరు.

మామ నా వైపు చెయ్యి చూపించాడు.

"నీ సెల్లెలు నీకంటే సిన్నది గదమ్మే. దానికి మూడుసార్లు ఇనపడినాది. నీకు ఒగసారన్నా ఎందుకు ఇనపడల్యా?"

అక్క నా వైపు చూసింది. ఆమె నోరు తెరిస్తే నా పని అయిపోయేది. మామ వైపు తిరిగి, తెలియదు మామా, అని తన చోటికి పోయి కూర్చుంది. తర్వాతి ఆదివారం నేను కాలువలోకి దిగాను. అక్క గట్టు మీద నా పొడి బట్టలు పట్టుకుని నిలబడింది.

ఆ సాక్ష్యం నాకు చాలా పనికొచ్చింది. పాస్టరయ్య దాన్ని చుట్టుపక్కల ఊళ్లలో చెప్పాడు, నన్ను కర్నూలులో హాస్టల్లో చేర్పించాడు, టీచరు ట్రైనింగు అయిన తర్వాత సంఘం వాళ్ల బడిలో ఉద్యోగం ఇప్పించాడు. ఇంటర్వ్యూలో కూడా నన్ను ఆ శనివారం సంగతే అడిగారు, నేను తడుముకోకుండా చెప్పాను. అక్క మా అమ్మను చూసుకుంటూ ఊళ్లోనే ఉంది. పెళ్లి చేసుకుంది, అది కూడా గుడిలో కాదు, ఇంటి ముందర పందిట్లో, ఎందుకంటే బాప్తిస్మం లేనివాళ్లకు గుడిలో పెళ్లి చెయ్యరు. ప్రతి శనివారం గుడి ఊడ్చేది. బల్ల ఉన్న ఆదివారం రొట్టె పంచే వేళకు లేచి బయటికి పోయి చెప్పులు ఉన్న చోట నిలబడేది, పంచడం అయిపోయిన తర్వాత లోపలికి వచ్చి చివరి పాట అందరితో కలిసి పాడేది. కాలువకు నీళ్లు వచ్చిన ప్రతి ఏడూ పేరు ఇచ్చేది, ప్రతి ఏడూ అదే జవాబు చెప్పేది. కొన్నేళ్లకు అది ఊళ్లో వేళాకోళమైంది, నీళ్లొచ్చినాయి, ఇంట్లో ఉండే ఆమె వస్తాది సూడండి అనేవాళ్లు.

నాకు ముప్పై దాటిన తర్వాత ఒకసారి సెలవుల్లో ఊరికి పోయి, పొయ్యి దగ్గర కూర్చుని ఉన్న అక్కకు నేను చేసిన హితబోధ రాయడానికి ఇప్పటికీ చెయ్యి రావడం లేదు. ఏదో ఒక రోజు చెప్పెయ్యమన్నాను. ప్రసవమప్పుడు కష్టపడ్డావు గదా, అప్పుడు వినిపించిందని చెప్తే ఎవరు కాదంటారు, కావాలంటే నేను రాసిస్తాను, నేర్చుకో అన్నాను. ఆమె రొట్టె తట్టడం ఆపలేదు.

"నువ్వు సెప్పిన్యావు గదమ్మే, సాలులే. ఇద్దరం సెప్తే ఆయప్ప ఎవురి మాటని నమ్మేది?"

ఆయప్ప అంటే మామ కాడని నాకు తెలుసు. ఆ తర్వాత ఆ మాట మేమిద్దరం మళ్లీ ఎత్తలేదు. మామకు నిజం చెప్పాలని నేను అనుకున్న రోజులు ఉన్నాయి. చెప్తే ఉద్యోగం పోతుందని కొన్నాళ్లు, పెన్షను వచ్చిన తర్వాత చెబుదామని కొన్నాళ్లు, ముసలివాణ్ణి ఎందుకు బాధపెట్టడమని కొన్నాళ్లు ఆగాను. ఆయన తొంభై ఏళ్లు బతికి, చివరి రోజుల్లో కూడా ఇంటికి వచ్చినవాళ్లకు నన్ను చూపించి, దీన్ని దేవుడు మూడుసార్లు పిలిచినాడు అని చెప్పి, పోయాడు. అక్కను గురించి ఎవరికీ ఏమీ చెప్పేవాడు కాదు.

అక్క చివరి మూడు నెలలూ ఆదోనిలో మా ఇంట్లోనే ఉంది. ఊరి గుడికి కొత్తగా వచ్చిన పాస్టరు ఆమెను చూడటానికి మోటారు సైకిలు మీద వచ్చాడు. మంచి కుర్రవాడు, కాళ్లు కడుక్కుని లోపలికి వచ్చాడు, ఆమె మందులు చూశాడు. ఇంత భక్తురాలికి బాప్తిస్మం లేదని తెలిసి ఆశ్చర్యపోయాడు. గుడిలో ఇప్పుడు తొట్టి కట్టామనీ, కాలువ దాకా పోనక్కర్లేదనీ, ఫారం మీద వేలిముద్ర వేస్తే చాలనీ, కాస్త తేరుకోగానే కారులో తీసుకుపోతాననీ చెప్పాడు. యా పొద్దు పిలుపు వచ్చిందని అడగరా అని అక్క అడిగింది. అవన్నీ పాతకాలం సంగతులమ్మా, ఇప్పుడెవరు అడుగుతారు అని అతను ఆమె చెయ్యి నిమిరాడు. అతను ఊరట కలిగించాననే అనుకున్నాడు.

"అడుగప్పా," అంది అక్క. "ఒగసారి అడుగు."

అతనికి అర్థం కాలేదు. జ్వరంలో ఏదో అంటోందనుకుని కళ్లు మూసుకుని ప్రార్థన చేశాడు, ఇంకొక ఇంటికి పోవాలని లేచాడు. అతను పోయిన తర్వాత నేను మంచం దగ్గర నేల మీద కూర్చుని, ఆ శనివారం నన్ను ఎవరూ పిలవలేదని, ఆ తర్వాత కూడా ఎవరూ పిలవలేదని, యాభై ఏళ్లుగా గుడిలో కూర్చుంటున్నా ఏమీ వినిపించలేదని చెప్పాను. ఈ సంగతి నేను నోటితో చెప్పడం అదే మొదలు. అక్క నిద్రపోలేదు, వింటూనే ఉంది. క్షమించానని అనలేదు, నేను అడగనూ లేదు. అయిదో రోజు పోయింది.

శ్మశానం సంగతి ఎలాగోనని ఆ పూటంతా నేను భయపడ్డాను. ఎవరూ ఏమీ అనలేదు. పాస్టరు ఆమె ఆధార్ కార్డు జిరాక్సు తీసుకున్నాడు, సంఘం వాళ్లే గుంత తవ్వించారు, మామ సమాధికి రెండు సమాధుల అవతల పెట్టారు. ఆమె బతికినన్నాళ్లూ చెప్పుల దగ్గర నిలబడింది ఎందుకో అక్కడికి వచ్చిన వాళ్లలో నలుగురికి మించి తెలియదు, ఆ నలుగురూ పెద్దవాళ్లయిపోయారు, మాట్లాడలేదు. ఆమెను ఆపిన నియమాన్ని తప్పని ఎవరైనా తేల్చి ఉంటే, మామ చేసింది పొరపాటని ఎవరైనా లేచి ఒక మాట అని ఉంటే, నాకు ఇంత కోపం ఉండేది కాదు. ఎవరూ దాన్ని తప్పు అనలేదు, ఊరికే మరిచిపోయారు.

ఇప్పుడు మా సంఘంలో బాప్తిస్మానికి ముందు పిలుపు సాక్ష్యం చెప్పించడం లేదు.