మంచు మీద వల అచ్చులు

2014 చలికాలం. కొండ మీది సైనిక పోస్టుకు చేరిన ఉదయం మబ్బు, గాలి. హవల్దారు స్వాగతం క్లుప్తంగా ఉంది.

"బంకరుకీ నీళ్ల డ్రమ్ముకీ మధ్య నలభై మీటర్లు. సరిహద్దు అవతలివాళ్లకు కనిపిస్తుంది. పరుగెత్తు."

దారి గడ్డకట్టి గాజులా ఉంది. శృంగవరపుకోటలో డిగ్రీ చదివినప్పుడు ఫిజిక్సు పరీక్షలో ఘర్షణ గురించి పేజీన్నర రాశాను. అది అక్కడికి రాలేదు. నేలను వెనక్కి తన్నితే మనిషి ముందుకు పోవాలి. నా బూటే వెనక్కి పోయింది. అడుగు చాచితే మడమ ముందుకు జారి వెల్లకిలా పడ్డాను. ఆ తర్వాత ఒళ్లే జాగ్రత్త నేర్చుకుంది. అడుగులు కుదించుకుపోయాయి, మోకాళ్లు వంగాయి, పిక్కలు పట్టేశాయి. దాన్ని పరుగనడం మర్యాద కొద్దీ.

రేడియో ఆపరేటరు మాత్రం చక్కగా కాళ్లు చాచి పరుగెత్తేవాడు. మా శ్రీకాకుళం వైపు, చేపలు పట్టే ఇంటివాడు. నాకు అనుమానం మొదలైంది.

హవల్దారు అనుమానం వేరు. పోస్టుకి వాలీబాల్ నెట్ పంపారు, ఆడే చదును పంపలేదు. స్టోరులో ఆ నెట్ వారం వారం పొట్టిదవుతోంది.

"ఎలుకలా?" అనడిగాడు.

"ఈ చలికి ఎలుకలు బతకవు, ఉస్తాద్," అన్నాను.

"అదే నా అనుమానం," అన్నాడు, మా అందరి మొహాలూ వరసగా చూస్తూ.

పొడి మంచు రాలిన ఒక ఉదయం బంకరు గుమ్మంలో ఆపరేటరు అడుగులు చూశాను. ప్రతి అడుగులోనూ వల గళ్లు.

"ఏటి మావా, నా బూట్లకేసి అలా సూస్తన్నావు?"

"నెట్ కోస్తన్నది నువ్వేనేటి?"

"అరవకు. తెలిస్తే నన్ను కిందకి పంపేస్తారు. కాలిటియ్యి." నా బూట్లకీ వల చుట్టి ముడేశాడు. "ఇప్పుడు నువ్వూ దొంగవే."

మధ్యాహ్నం హవల్దారు డ్రమ్ము దగ్గర జారి పడ్డాడు. మోకాలు మెలితిరిగింది. లేవలేకపోయాడు. అవతల తుపాకీ పేలింది. ఇద్దరం పరుగెత్తాం. అక్కడ నా అడుగు నిండుగా పడటం అదే మొదలు. చంకల కింద పట్టి ఈడ్చుకొచ్చాం.

బంకరులో పడుకుని ఆయన మా బూట్లనే చాలాసేపు చూశాడు. ఆపరేటరు తన పాదాలు వెనక్కి లాక్కున్నాడు.

"నెట్ గాలికి కొట్టుకుపోయింది," అన్నాడు హవల్దారు చివరికి. బాగున్న కాలు ముందుకు చాపి, "నా బూటు పదో నంబరు."

ఆ పోస్టులో గడువు ముగిశాక సెలవుపై నరసన్నపేటలో బస్సు దిగి ఆపరేటరు ఊరెళ్లాను. ఇసుక మీద ఆరేసిన వల దగ్గర నిలబడిపోతే వాళ్లమ్మ అనుమానంగా చూసింది. "ఏటి బాబూ, మా వల మీద కన్నేసినావు?"

నాకు కనబడుతున్నది వేరు. తెల్లటి మంచు, రెండు జతల వల అచ్చులు, వాటి నడుమ మనిషిని ఈడ్చిన చార.