మందుల పెట్టె మీద తడి గోనె

1996 జూన్ మొదట్లో మా కంపెనీ నన్ను మామూలు డ్యూటీ నుంచి తీసి పెట్టె టెస్టు డ్యూటీకి వేసింది. కంపెనీ అంటే దోహాలో ఆస్పత్రులకు మందులు, మిషన్లు తెప్పించి ఇచ్చే ఏజెన్సీ. నేను దాంట్లో పికప్ డ్రైవర్ని. ఖతార్ వచ్చి అప్పటికి రెండేండ్లు. మాది కడప జిల్లా, రాయచోటి పక్క. అయిదో తరగతి దాకా చదివినాను. రాసేది ఇదే మొదలు గాబట్టి జరిగింది జరిగినట్టు వరసగా చెప్తా.

యూరప్‌లో ఒక ముసలాయన కొత్త రకం పెట్టె తయారు చేసినాడు. కరెంటు లేకుండా, ఒక్కసారి ఐసు పలకలు పెట్టి మూస్తే పిల్లల టీకా మందు నాలుగు దినాలు చల్లగా ఉండాల. అదీ ఆయన చెప్పే మాట. చల్లదనం ఎనిమిది డిగ్రీలు దాటితే మందు పాడైనట్టే. ఆ పెట్టెకు డబ్బులు పెట్టింది ఒక ఫౌండేషన్. ఫౌండేషన్ అంటే ఏందో నాకు తెలీదు. మా స్టోరు క్లర్కు సాల్మన్ సారు, నరసాపురం ఆయన, ఆయనే చెప్పినాడు.

"లాభం అడగని సంస్థ అన్నమాట ఓబులేసూ. కొత్త వైద్యం కనిపెట్టినవాడికి బ్యాంకులు ఇవ్వనప్పుడు వీళ్ళు ఇస్తారు. కాని ఒకేసారి ఇవ్వరు. ఒక పరీక్ష పాసైతే ఒక విడత. మళ్ళీ పరీక్ష, మళ్ళీ విడత."

"ఫెయిలైతే సార్?"

"అక్కడితో ఆపేస్తారు."

వేడి పరీక్షకు మా ఎండను ఏరుకున్యారు. ఫౌండేషన్ తరఫున హెల్గా మేడమ్ వచ్చింది. పెట్టె చేసిన ముసలాయన కూడా వచ్చినాడు. ఆయన పేరు మా నోటికి తిరగదు, పెట్టె సారు అనేవాళ్ళం.

పని ఇట్ల ఉండేది. పొద్దున ఆరింటికి ఐసు పలకలు, మందుకు బదులు నీళ్ల సీసాలు లోపల పెట్టి మూత మూసి సీలు వేసినారు. లోపల ఒక చిన్న మిషన్ ఉంటుంది. దాని ముల్లు గుండ్రటి కాగితం మీద వేడి ఎంతుందో గీత గీస్తా పోతుంది. పెట్టెను పికప్ వెనక ఎండలోనే తాడుతో కట్టాల. నేను నాలుగు దినాలూ దోహా నుంచి అల్ షహానియా పోయి, ఒంటెల రేసు ట్రాకు పక్కన గంట నిలబెట్టి, ఆడినుంచి అల్ ఖోర్ పోయి తిరిగి రావాల. రెండు గంటలకొకసారి బయటి ఎండ ఎంతో షీటు మీద రాయాల. మూత తీయగూడదు, నీడన పెట్టగూడదు. ఆఖర్న, చెప్పినట్టే చేసినానని సంతకం పెట్టాల. షీటు కింద రెండు ఖాళీ గీతలు ఉండేవి. పనివాడు ఏమన్నా చెప్పాలంటే తన భాషలోనే రాయొచ్చని ఫౌండేషన్ రూలంట.

నాకు మొదటి నుంచీ భయమే. నాకంటే ముందున్న డ్రైవరు ఆస్పత్రి మందు ఎండలో వదిలి టీ తాగడానికి పోయినాడని వారంలో వీసా కొట్టేసి పంపించినారు. మా పాస్‌పోర్టులు కంపెనీ బీరువాలో ఉంటాయి. నేను తిరిగిపోతే మా ఇంట్లో సంపాదించే చెయ్యి ఇంకోటి లేదు.

మొదటిదినం మేడమ్ నా పక్కనే కూర్చునింది. మధ్యాన్నానికి వాంతులు చేసుకుంది. రెండోదినం నుంచి నేనొక్కణ్నే.

రెండోదినం అల్ షహానియాలో బండి ఆపి పెట్టె మీద చెయ్యి పెడితే చుర్రుమని కాలింది. లోపల నీళ్లు కాగిపోయింటాయి, నా చేతిలోనే చెడిపోయిందంటారు అనుకున్యా. మా డ్రైవర్లకు ఒక అలవాటుంది. తాగే నీళ్ల క్యానుకు గోనెసంచి చుట్టి, తడిపి, గాలి తగిలేటట్టు బండి వెనక కట్టుకుంటాం. షమాల్ అనే ఎడారి గాలికి నీళ్లు కుండలో నీళ్ల మాదిరి ఉంటాయి. నేను ఆ గోనె తీసి, తడిపి, పెట్టె మీద కప్పినా. ఆలోచన ఏమీ చేయలేదు, చెయ్యే చేసింది.

ట్రాకు కాడ ఒంటెలు మేపే సింధీ ఆయన చూసి నవ్వినాడు. "నా ఒంటెకు కూడా ఇంత సేవ చేయను భాయ్" అన్యాడు.

గోనె ఆరినప్పుడంతా నీళ్లు పోస్తా పోయినా. దోహా దగ్గర పడినాక తీసేసేవాణ్ని. తీసేసినానంటే అది తప్పని నాకు తెలుసుననే గదా.

నాలుగో దినం సీలు తీసినారు. ముల్లు ఎనిమిది ముట్టలేదు. పెట్టె సారు నన్ను కౌగిలించుకున్యాడు. సంతకాలు మరుసటి పొద్దున తొమ్మిదింటికి అన్యారు. సాల్మన్ సారు సంతోషంగా, "ఇక ఈ పెట్టెలు వేడి దేశాలన్నిటికీ వెళ్తాయి. మన ఇండియాకీ వస్తాయి" అన్యాడు.

ఆ మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం పోలేదు. నేనూ సాల్మన్ సారూ దోహాలో ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో ఒకే విల్లాలో పక్కపక్క గదుల్లో ఉండేవాళ్ళం. సాయంత్రం ఆయన ప్రార్థన కూటానికి చొక్కా ఇస్త్రీ చేసుకుంటా ఉంటే పోయి చెప్పినా.

"సార్, పెట్టె మీద గోనె కప్పినా."

"ఏ గోనె?"

"నీళ్ల క్యానుది. తడిపి."

ఆయన ఇస్త్రీ పెట్టె నిలబెట్టినాడు. "ఎన్నిసార్లు?"

"ఆరినప్పుడంతా."

"ఈ డ్యూటీకి నీ పేరు ఇచ్చింది నేను. మేనేజరు ముందు నన్నూ నిలబెడతావా? ఎవరూ అడగలేదు, నువ్వూ చెప్పకు."

"మందు చెడిపోతే సార్? పసిపిల్లోళ్ళకు వేసేది."

"నువ్వు డాక్టరువా? స్టీరింగు తిప్పుకో చాలు."

నేను గదికి వచ్చి కూర్చున్యా. మా ఊరికి టీకాల నర్సమ్మ బస్సులో ఒళ్ళో ఫ్లాస్కు పెట్టుకుని వచ్చేది. రేపు ఆమె చేతికి ఈ పెట్టె వస్తుంది. నాలుగు దినాలు ఆగుతుందని నమ్మి ఊరూరూ తిప్పుతుంది. నా గోనె దాంతో పాటు పోదు గదా అనుకున్యా. చెప్తే వీసా పోతుంది. చెప్పకపోతే ఏమవుతుందో ఎప్పటికీ తెలీదు. ఆ రెండోదానికే నాకు ఎక్కువ భయమేసింది.

పొద్దున మేడమ్ షీటు నా ముందర పెట్టింది. సంతకం కంటే ముందు ఖాళీ గీత మీద తెలుగులో రాసినా: "రెండో దినం నుంచి పెట్టె మీద తడి గోనె కప్పినాను. ఓబులేసు." మేడమ్ ఏందని అడిగి, చదివి చెప్పమని కాగితం సాల్మన్ సారుకు ఇచ్చింది.

ఆ గదిలో తెలుగు చదివేది ఆయన ఒక్కడే. ఎండ ఎక్కువని రాసినాడని అబద్ధం చెప్పినా ఎవరికీ తెలీదు. ఆయన నా ముఖం చూసినాడు, కాగితం చూసినాడు, మెడ తుడుచుకున్యాడు. తర్వాత ఇంగ్లీషులో చెప్పినాడు. నాకు వెట్, బ్యాగ్ అనే రెండు మాటలు తెలిసినాయి. పెట్టె సారు కుర్చీలో కూలబడినాడు. మా కంపెనీ మేనేజరు లేచి "ఖలాస్, రేపే పంపించేయండి" అన్యాడు.

మేడమ్ అరవలేదు. ఏ టైముకు కప్పినావు, ఎన్ని నీళ్లు పోసినావు, గోనె ఎంత మందం, అన్నీ సాల్మన్ సారు చేత అడిగించి రాసుకునింది. ఈ పనివాణ్ని పంపిస్తే ఎందుకు పంపించినారో కూడా రిపోర్టులో రాస్తానని మేనేజరుకు చెప్పింది. పరీక్ష మళ్ళా మొదలన్నది.

రెండోసారి సాల్మన్ సారును నా పక్కన కూర్చోబెట్టినారు. దారి పొడుగునా ఆయన నాతో ఒకే మాట అన్యాడు. "ఆ క్యాను నా కాళ్ళ దగ్గర పెట్టు. నిన్ను నమ్మలేను."

సీలు తీసి చూస్తే మూడోదినం మధ్యాన్నానికే ముల్లు ఎనిమిది దాటింది.

ఫౌండేషన్ తర్వాతి విడత ఆపేసింది. పెట్టె సారు పోతా పోతా అందరికీ చెయ్యి కలిపినాడు, నాకు కలపలేదు. నన్ను దూరాన గ్యాసు పనులు జరిగే రాస్ లఫాన్ క్యాంపుకు మందులు మోసే బండికి మార్చినారు. ఆ ఏడు సెలవు ఇయ్యలేదు. తక్కిన డ్రైవర్లు నన్ను గోనె ఓబులేసు అని పిలిచేవాళ్ళు. సాల్మన్ సారు రెండు నెలలు మాట్లాడలేదు. ఖతార్‌లో వారం సెలవు శుక్రవారం; అట్ల ఒక శుక్రవారం ప్రార్థన కూటం నుంచి వచ్చి ఆవకాయ సీసా నా తలుపు కాడ పెట్టి పోయినాడు.

మరుసటి ఏడు ఇంకో మందు పరీక్షకు అదే ఫౌండేషన్ షీటు వచ్చింది. దాంట్లో కొత్త ప్రశ్న ఒకటి చేర్చినారు: బండి తోలేవాళ్ళు ఎండలో తాగే నీళ్లు ఎట్ల చల్లగా పెట్టుకుంటారో ముందుగా అడగాల.

తర్వాత నేను ఇరవై ఏండ్లు మందుల బండి పనే చేసినా. ఆఖర్న నా కింద ఆరుగురు డ్రైవర్లు ఉండేవాళ్ళు. దీంట్లో నేను నేర్చుకున్యది ఒకటే. భయపడేవాని చేతికి పరీక్ష ఇస్తే వాడు తన ఉద్యోగాన్ని కాపాడుకుంటాడు, పరీక్ష పాడైపోతుంది. అందుకే కొత్త డ్రైవరు వస్తే బండి తాళం ఇచ్చే ముందు చెప్పేవాణ్ని: సామాను చెడితే చెడిందని రాయి, నిన్ను పంపించరు. ఆ మాట నిజం కావాలని ముందుగా మేనేజరుతో కాగితం మీద సంతకం పెట్టించుకుని నాకాడ పెట్టుకునేవాణ్ని.