వెనక్కి వెళ్లి ఎక్కే విమానం

సీటు బెల్టు టక్కుమని పడగానే నాకు నవ్వొచ్చింది. గన్నవరం నుంచి హైదరాబాద్‌కి గంట ప్రయాణమని ఎయిర్‌హోస్టెస్ మైకులో చెబుతోంది. పక్క సీటాయన నా వంక అదోలా చూశాడు. ఆయనకేం తెలుసు, మా సువార్తమ్మ టీచరు గురించి!

జగ్గయ్యపేట హైస్కూల్లో ఆవిడ మాకు సోషల్ చెప్పేవారు. రోజూ నందిగామ నుంచి బస్సులో వచ్చేవారు. ఒకరోజు మ్యాపు తగిలించి, గన్నవరం, బేగంపేట విమానాశ్రయాల మధ్య స్కేలు పెట్టి, "ఎంతసేపు పడుద్దే?" అన్నారు. "గంట" అని అందరం ఒక్కసారే అరిచాం. "గంట విమానానికి. మరి మీకో? అదొచ్చి మీ ఇంటి ముందు ఆగుద్దా?" అన్నారు. క్లాసంతా గొల్లుమంది. తర్వాత ఒక్కొక్కరినీ లేపి, గడప దాటిన దగ్గర్నుంచి లెక్క కట్టించారు. పడమరన ఉన్న హైదరాబాద్ కోసం మేం తూర్పుగా విజయవాడ దాటి పోవాలన్న సంగతి అప్పటిదాకా ఎవరికీ తట్టనే లేదు. వత్సవాయి నుంచి వచ్చే పిల్ల లెక్కలో బస్సే ముందు చేరింది.

ఇంటర్ అయ్యాక హైదరాబాద్ వ్యవసాయ కళాశాలలో సీటుకి నాకు ఇంటర్వ్యూ వచ్చింది. పేరు పిలిచినప్పుడు లేకపోతే సీటు మరొకరికి పోతుంది. నాన్న పోయాక నన్ను పెంచిన పెదనాన్న, ఊరందరికీ చెప్పి మరీ ఇంటర్వ్యూ రోజు పొద్దుటి విమానానికి టికెట్ కొన్నారు. మా వంశంలో అప్పటిదాకా ఎవరూ విమానం ఎక్కలేదు. ఆయన సంబరం చూసి కాదనలేక, అది లేటైతే ఎలాగని వెళ్లి టీచరుగారి దగ్గర ఏడ్చాను.

ఆ సాయంత్రమే ఆవిడ మా ఇంటికి వచ్చారు. ఆవిడ కులంవాళ్లు మా అరుగు ఎక్కకుండా కింద నిలబడే మాట్లాడి వెళ్లే రోజులవి. ఆవిడ అరుగెక్కి, కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"విమానం లేటైతే పిల్ల సీటు పోద్దండి. ముందురోజే బస్సెక్కిద్దాం. నేను తోడెళ్తా."

"ఊరంతా చెప్పుకున్నాం టీచరమ్మగారూ. ఇప్పుడు బస్సులో పంపితే మా పరువేం కాను?" అన్నారు పెదనాన్న.

"వెళ్లేటప్పుడు సీటు కోసం బస్సెక్కనివ్వండి. వచ్చేటప్పుడు మీ పరువు కోసం విమానం ఎక్కించండి."

పెదనాన్న కాసేపు మీసం నిమురుకున్నారు. తర్వాత పగలబడి నవ్వారు. "మీరు అసాధ్యులండీ. అట్టాగే కానివ్వండి."

మర్నాడు ఇద్దరం బస్సెక్కాం. రాత్రికి సికింద్రాబాద్‌లో వాళ్ల చెల్లెలింట్లో పడుకున్నాం. పొద్దున నా పేరు పిలిచేసరికి నేను అక్కడే ఉన్నాను. సీటు వచ్చింది. నేను ఎక్కాల్సిన విమానం మధ్యాహ్నం దాటాక గానీ గన్నవరంలో లేవలేదని తర్వాత తెలిసింది.

తిరుగు ప్రయాణానికి పెదనాన్న రెండు టికెట్లు కొనిపించారు. టీచరుగారు కిటికీకి ముక్కు ఆనించి, "అదిగోనే మునేరు! ఆ పక్కనే మా నందిగామ" అంటూ చిన్నపిల్లలా నా చెయ్యి గుంజారు.

గన్నవరంలో పెదనాన్న జీపునిండా చుట్టాలతో, చేతిలో చామంతి దండతో నిలబడి ఉన్నారు. నేను సిగ్గుపడుతూ తల వంచాను. ఆయన దండ పెద్దమ్మ చేతికిచ్చి, "ముందు టీచరమ్మగారికి వెయ్యవే" అన్నారు. చుట్టాలు మొహమొహాలు చూసుకున్నారు. "ఏం చూస్తారు? మన పిల్లకి సీటు దక్కించింది ఈవిడే" అని ఆయన గట్టిగానే అన్నారు. పెద్దమ్మ దండ వేసింది. టీచరుగారి కళ్లలో నీళ్లు చూడటం నాకదే మొదటిసారి.

వ్యవసాయాధికారిగా చాలా ఊళ్లలో నాకూ దండలు వేశారు. అవన్నీ మర్చిపోయాను. నన్ను దాటి ఆవిడ మెడలో పడిన ఆ దండను తలచుకుంటే మాత్రం నాకు ఈనాటికీ గుండె ఉప్పొంగుతుంది.