చల్లారితే విచ్చుకునే అతుకు

"నీ కండ్లు పోయినయని ఒప్పుకో ఘనీ. నా డబ్బాకు వంక పెట్టకు!"

"కండ్లు పోయింది నిజమే సేటూ. పగులున్నది గూడ నిజమే."

కామారెడ్డి స్టేషను దగ్గరి రేకుల షెడ్డులో పురుషోత్తం సేటు, వెల్డింగు చేసే ఘనీ కీచులాడుకుంటుంటే డ్రైవరు గంగారాం బస్సు చాటున నిలబడి వింటున్నాడు. ఎల్లారెడ్డి అంగడికి పోయే జనం అప్పటికే మూటలతో ఎక్కుతున్నారు.

ప్రపంచ యుద్ధం వచ్చి పెట్రోలు కరువైనప్పటి నుంచి ఆ బస్సు బొగ్గు గ్యాసు మీద నడుస్తోంది. వెనక సీటుకు ఆనుకునే నిప్పుల డబ్బా. దాని మూతి కాలిపోతే సేటు బొంబాయి నుంచి విలాయతి ఉక్కు గొట్టం తెప్పించాడు. డబ్బాది పాత బాయిలరు రేకు. రెంటినీ అతికింది ఘనీ.

బీబీపేటలో పుట్టి, పట్నం పోయి, ఒక కార్ఖానాలో గ్యాసు మంటతో ఇనుము అతకడం నేర్చుకుని వచ్చిన మనిషి. అతను అతికిన సామాను మళ్లీ షెడ్డు మొహం చూడదని పేరు. ఆ పేరు తప్ప వెనకేసుకున్నదేమీ లేదు. మంట చూసి చూసి ఎడమ కంట్లో ఎప్పుడూ నీరు కారుతుంటుంది.

ఈ అతుకు మాత్రం నిలవడం లేదు. ఎన్నిసార్లు అతికినా దాని పక్కనే, రేకు వైపు, వెంట్రుకంత పగులు. మొదట ఘనీ తన కన్నునే తిట్టుకున్నాడు. చెయ్యి వణికిందేమోనని భార్య హఫీజా ముందు కూర్చుని ఏడ్చాడు. ఆ తర్వాత రేకు ముక్కనూ గొట్టం ముక్కనూ ఒకే కొలిమిలో కాల్చి చూశాడు. గొట్టం ఎక్కువ సాగింది, చల్లారాక ఎక్కువ ముడుచుకుంది.

"రెండూ నిప్పుకు ఓర్చేటియే గంగారాం. ఒక్క తీర్గ ఓర్వవు. నడుమ నా అతుకు నలుగుతున్నది" అన్నాడు ఆ రోజు. రెంటికీ పొసగే అతుకు కడ్డీ కోసం పట్నమంతా తిరిగినా దొరకలేదు.

పోయిన అంగడి నాడు తాడ్వాయిలో బండి ఆగినప్పుడు వెనక సీట్లో ఈరవ్వ అనే ఆమె కూర్చున్నది కూర్చున్నట్టే ఒరిగిపోయింది. బయట గాలికి పడుకోబెడితే ఎప్పటికో కళ్లు తెరిచింది. బండి నడిచేటప్పుడు ఇంజను గ్యాసును లాగేసుకుంటుంది. ఆగితే సెగ తగ్గి అతుకు చల్లారుతుంది, విచ్చుకున్న పగులులోంచి ఆ విషపు గ్యాసు బయటికొస్తుంది, వాసన కూడా తెలియదు. సేటు ఎండదెబ్బ అన్నాడు. గంగారాం తలూపాడు.

షెడ్డు లోపల సేటు గొంతు పెంచాడు. "మండుతున్నప్పుడు చూపియ్యి నీ పగులు!"

"వేడికి మూసుకుంటది. చల్లగున్నప్పుడు కిరసనాయిలు పూసి, అది పగుల్లకెళ్లి ఊరుడు చూపిన గద."

"అంటే కాలేటప్పుడు మంచిగనే ఉన్నట్టు. బండి కాలుకుంటనే పోతది గద!"

"ఆగిన కాడ?"

"ఆగకుంట పొమ్మను."

"తాడ్వాయిల జనం ఎగిరి ఎక్కాల్నా సేటూ?"

"ఇయ్యాల బండి పోనియ్యకుంటే ఇంకో వెల్డరును చూసుకుంట. డ్రైవరును గూడ."

సేటు వెళ్లిపోయాక ఘనీ బయటికొచ్చి బస్సు చాటున ఉన్న గంగారాంను చూశాడు.

"విన్నవు గద?"

"ఏం జెయ్యమంటవ్ భాయ్? ఇంట్ల పిల్లలున్నరు."

"నువ్వు నడుపు."

ఘనీ బస్సెక్కి వెనక సీటు దగ్గరికి పోయాడు. అక్కడ హన్మవ్వ గంప పెట్టుకుని కూర్చుంది.

"అవ్వా, ముంగటికి పో."

"నీ అయ్య సీటా? నేను పైసలియ్యలేదా?"

"ఈడ సెగ తగుల్తది. నీ నిగనిగ మొఖం మాడిపోతది."

బస్సంతా నవ్వింది. ముసలామె తిట్టుకుంటూనే గంప ఎత్తుకుని ముందుకు పోయింది. ఘనీ సీటంతా అడ్డంగా పరుచుకుని కూర్చున్నాడు.

గంగారాం కిటికీ దగ్గరికి వచ్చాడు. "భాయ్, దిగు. నీకేమన్నయితే హఫీజమ్మకు ఏం జెప్పాలె?"

"ఇంకెవరన్న గ్యాసుకు పడితే గాని సేటు నమ్మడు. పడేదేదో నేనే పడ్త." ఘనీ కిటికీలోంచి చెయ్యి చాపి అతని మణికట్టు పట్టుకున్నాడు. "బండి ఆగిన కాడల్లా నన్ను పేరు పెట్టి పిలువు. పలికితే పో. పలకకపోతే ముందుగాల జనాన్ని దించు, నన్ను తర్వాత చూద్దువు."