యాడుండావు

పోయిన కార్తీక మాసం, రెండో శనివారం, ఉదయం పదిన్నర. ఆదోనిలో ఎమ్మిగనూరు బస్సెక్కాను. మాది ఉత్తరాంధ్రలో విజయనగరం పక్క పల్లె. అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని, ఏది కనబడినా చదివేస్తాను.

పక్క సీటులో మంజుల అనే నేతగాళ్ల పిల్ల. ఒళ్లో గిటారు పెట్టుకుని ఫోను చూస్తూ పాడుకుంటోంది. సినిమా పాటా కాదు, భజనా కాదు. మగ్గం ముందు కూర్చున్న తల్లి కూతుర్ని వెతుక్కునే పాట. తనే రాసి, తనే బాణీ కట్టిందట. మర్నాడు హైదరాబాదులో రికార్డింగట.

ఫోనులోకి తొంగి చూసి, కూడబలుక్కుని చదివాను.

"ఇక్కడ 'ఎక్కడున్నావు' అని ఉంది. నువ్వు 'యాడుండావు' అన్నావేటి?"

"నోరు జారినాది అవ్వా. యాడ అంటే బయటోళ్లు నవ్వుతారు."

కండక్టర్ ఖాజా అందుకున్నాడు. "ఎక్కడ అంటే మేము నవ్వుతాం గదమ్మా! రెండు తీర్లా పాడు, సూస్తాం."

ముందు 'ఎక్కడ' అని, తర్వాత 'యాడ' అని పాడింది. వెనక సీటులో టమాటా గంప పట్టుకున్న లక్ష్మక్క అంది: "మొదటిది టీవీలో వార్తలు సదివినట్లుండాది మే. రెండోది మాయమ్మ పిలిసినట్లే ఉండాది."

"నేను బయటిదాన్నే, నాకు నవ్వు రాలేదు" అన్నాను.

 మంజుల ఫోనులో 'ఎక్కడున్నావు' చెరిపి 'యాడుండావు' అని రాసింది. ఇన్నేళ్ల చదువులో ఆ మాట రాయడం ఇదే మొదలంది. నేను చదవడమూ అదే మొదలు.

"రేపు ఆడ ఎవురన్నా నవ్వితే, అవ్వా?"

ముందే విని నవ్వనివాళ్లున్నారని చెప్పమన్నాను: కండక్టర్ ఖాజా, లక్ష్మక్క, నేను, పైడమ్మ.